హోసూరు ఇంటి వీడియోలకు ఏ సాఫ్ట్‌వేర్? – ఒక సంవాదం

సౌలభ్య పక్షం: తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారు తాము స్వయంగా తీసుకున్న వీడియోలకు గ్రాఫిక్స్ చేర్చదలచినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్న ప్రశ్నను ముందుగా వారి పరిస్థితి నుంచే చూడాలి. సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని కర్మాగారంలో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే యువకుడికి గాని, బాగలూరు వైపు గులాబీ తోటల్లో ఇంటివారికి సాయపడుతూ కళాశాలకు వెళ్లే విద్యార్థికి గాని వారంలో దొరికే తీరిక చాలా తక్కువ. డెంకణికోట, కెలమంగలం పరిసరాల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లకు ఆడే భారతాన్ని ఫోనులో చిత్రించి, అర్జునుడు తపసుమాను ఎక్కే ఘట్టానికి మేఘాలను, యుద్ధ ఘట్టానికి అస్త్రాల వెలుగును జోడించాలని కోరుకునేవారికి కావలసినవి నాలుగే పనులు. ఆకుపచ్చ తెర ముందు నిలిచిన మనిషిని ఆ తెరనుంచి వేరుచేసి మరొక దృశ్యం మీద నిలపడం మొదటిది, దీనిని క్రోమా కీ అంటారు. తెర లేనిచోట మనిషి అంచును ఫ్రేము వెంట ఫ్రేముగా గీసి వేరుచేయడం రెండవది, అది రోటోస్కోపీ. కదులుతున్న చేతికో కత్తికో ఒక వెలుగును అంటిపెట్టి దానితోపాటే కదిలించే ట్రాకింగ్ మూడవది. ఈ పొరలన్నింటినీ ఒకే కెమెరా ఒకే వేళ తీసినట్టు కనిపించేలా కలిపే కంపోజిటింగ్ నాలుగవది. ఈ నాలుగింటినీ డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ తన ఉచిత రూపంలోనే చేసిపెడుతుంది. కంపోజిటింగ్ కోసం ఒకప్పుడు విడిగా అమ్ముడైన ఫ్యూజన్ 2018లో దానిలో భాగమైంది. కత్తిరింపు, రంగుల సవరణ, ధ్వని, గ్రాఫిక్స్ అన్నీ ఒకేచోట, వీడియో మీద సంస్థ ముద్ర పడకుండా, కాలపరిమితి లేకుండా దొరుకుతున్నప్పుడు మరొకదానికోసం వెదకడం అనవసర శ్రమ అని ఈ పక్షం భావిస్తుంది.

స్వేచ్ఛా పక్షం: రిజాల్వ్ సామర్థ్యాన్ని కాదనేవారెవరూ లేరు. అభ్యంతరమల్లా దాని ఉచితత్వం ఎవరి చేతిలో ఉందన్నదే. ఇంగ్లండులోని నార్విచ్ నగరపు ఎఫ్‌ఎక్స్‌హోమ్ సంస్థ హిట్‌ఫిల్మ్ ఎక్స్‌ప్రెస్ పేరుతో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ఉచితంగా ఇచ్చింది, ఇంట్లో గ్రాఫిక్స్ నేర్చుకునేవారికి అంతకన్నా అనువైనది లేదని దానికి ప్రపంచమంతటా పేరు వచ్చింది, ఎందరో దానితోనే తొలి పాఠాలు నేర్చారు. 2021లో ఆ సంస్థను ఆర్ట్‌లిస్ట్ కొనుక్కున్న తరువాత ఉత్పత్తి చందా పద్ధతికి మళ్లింది. అందులో చేసిన పనుల ప్రాజెక్టు ఫైళ్లు, అంటే ఏ పొర ఎక్కడ ఉందో, ఏ వెలుగు ఏ క్షణంలో మొదలవుతుందో నమోదైన పత్రాలు, మరే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోవు. దీనికి ఎదురుగా త్రిమితీయ చిత్రణ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్ చరిత్రను పెట్టి చూడాలి. దానిని నడిపిన డచ్చి సంస్థ 2002లో మూతపడినప్పుడు, దాని సృష్టికర్త టోన్ రోజెన్‌డాల్ మూలసంకేతాన్ని కొని అందరికీ విడుదల చేయడానికి లక్ష యూరోలు విరాళంగా కోరగా, వాడుకరులు ఏడు వారాల్లోనే ఆ మొత్తాన్ని సమకూర్చారు. మూలసంకేతమంటే మనుషులు చదివి మార్చగలిగే రూపంలోని సాఫ్ట్‌వేర్ రాత, అది ఒకసారి జీపీఎల్ అనే సార్వజనిక లైసెన్సు కింద బయటికి వచ్చాక ఏ సంస్థ చేతులు మారినా దానిని వెనక్కు తీసుకోవడం సాధ్యం కాదు. హిట్‌ఫిల్మ్, బ్లెండర్ రెండూ సొమ్ము చెల్లించకుండా దొరికినవే అయినా, ఒకదానిలో పని కొనసాగడం యజమాని నిర్ణయం మీద, రెండవదానిలో వాడుకరుల పట్టుదల మీద ఆధారపడి ఉంది.

సౌలభ్య పక్షం: హిట్‌ఫిల్మ్ ఉదాహరణ బలమైనదని ఒప్పుకోవాలి. అయినా అన్ని సంస్థలనూ ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదు. హిట్‌ఫిల్మ్‌ను అమ్మిన సంస్థకు సాఫ్ట్‌వేరే జీవనాధారం. రిజాల్వ్‌ను ఇచ్చే ఆస్ట్రేలియా సంస్థ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆదాయంలో పెద్ద వాటా కెమెరాలు, రికార్డర్లు, స్విచర్ల అమ్మకంనుంచి వస్తుంది. ఆ సంస్థ 2009లో డావిన్చి సిస్టమ్స్‌ను కొని, అంతకుముందు లక్షల డాలర్ల విలువైన పరికరాలతో కలిపి పెద్ద స్టూడియోలకు మాత్రమే అమ్ముడైన రంగుల సవరణ విద్యను సామాన్యుల కంప్యూటర్లోకి తెచ్చింది, ఉచిత రూపాన్ని దశాబ్దానికి మించి నిలబెట్టింది. పరికరాలు అమ్ముకునే సంస్థకు సాఫ్ట్‌వేర్‌ను ఎక్కువమంది నేర్చుకోవడంలోనే లాభం ఉంది, కాబట్టి ఈ ఉచితత్వాన్ని ఔదార్యంగా చూడనక్కరలేదు, స్థిరమైన వ్యాపార ప్రయోజనంగా చూడవచ్చు. చెల్లించవలసిన స్టూడియో రూపానికి కూడా ధర ఒక్కసారి 295 డాలర్లు, సుమారు 25 వేల రూపాయలు. అడోబీ సంస్థ 2013నుంచి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు అనుసరిస్తున్న పద్ధతిలో ప్రతినెలా కట్టవలసిన చందా కాదు. ఉచిత రూపంలో వీడియో వెడల్పు, ఎత్తు 3840, 2160 చుక్కలకు మించరాదన్న పరిమితి ఉన్నా, ఫోనులో చూసే ఇంటి వీడియోకు అంతకు మించినది అవసరం రాదు. పెళ్లి వీడియోలు తీసే చిన్న స్టూడియో యజమాని మొదటి ఏడాది ఉచిత రూపంతో పని నేర్చుకొని, సంపాదన మొదలైన తరువాత స్టూడియో రూపం కొనుక్కోవడంలో అతనికి నష్టమేమీ కనిపించదు.

స్వేచ్ఛా పక్షం: సాఫ్ట్‌వేర్ ధర సున్నా అయినంత మాత్రాన ఖర్చు సున్నా కాదు. రిజాల్వ్‌కు 16 జీబీ ర్యామ్ ఉండాలి, ఫ్యూజన్‌తో గ్రాఫిక్స్ పని చేయాలంటే 32 జీబీ మేలని తయారీ సంస్థే సూచిస్తుంది. దానికితోడు సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే మేలు. హోసూరునుంచి నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు చౌకగా దొరికినా, అటువంటి కంప్యూటరును కూర్చుకోవడానికి అయ్యే సొమ్ము ఒక కార్మికుడికి నెలల జీతం. తమిళనాడు ప్రభుత్వం 2011నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకు పంచిన లాప్‌టాప్‌లు ఈ జిల్లా ఇళ్లలోకీ చేరాయి. ఎన్నో కుటుంబాలకు మొదటి కంప్యూటరు అదే. అటువంటి యంత్రంలో రిజాల్వ్ తెరుచుకోవడమే కష్టం. బ్లెండర్‌లాగే మూలసంకేతం అందరికీ తెరిచి ఉన్న షాట్‌కట్, కెడెన్‌లైవ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు తక్కువ సామర్థ్యమున్న యంత్రాలను దృష్టిలో పెట్టుకొని ప్రాక్సీ అనే సదుపాయాన్ని ముందుంచుతాయి. అసలు వీడియోకు బదులు చిన్న నకలు మీద పనిచేయించి, చివరలో మాత్రమే అసలుతో జతచేసే పద్ధతి అది. కెడెన్‌లైవ్‌లో క్రోమా కీ, ముసుగులు, సాధారణ ట్రాకింగ్ అన్నీ ఉన్నాయి. ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. లైసెన్సు ఖర్చు లేకుండా పాత యంత్రాన్ని బ్రతికించే లినక్స్‌లో రిజాల్వ్ ఉచిత రూపం, ఫోను కెమెరాలు విరివిగా వాడే హెచ్.264 వీడియోను నేరుగా తెరవదు. అంటే పేదవాడి యంత్రం మీద, పేదవాడి కెమెరా తీసిన వీడియోకే అక్కడ దారి మూసుకుపోతుంది.

సౌలభ్య పక్షం: ఆ చివరి మాటకు సమాధానం లేకపోలేదు. ఉచితంగా దొరికే పరికరాలతో వీడియోను ముందుగా రిజాల్వ్ తెరవగల రూపంలోకి మార్చుకోవచ్చు, ఫోను వీడియోల విషయంలో ఆ పని ఎలాగూ చేయవలసిందే. ఎందుకంటే ఫోను వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను తనంతట తానే మార్చుకుంటూ ఉంటుంది, ఆ హెచ్చుతగ్గులను సరిచేయకపోతే ఎడిటింగులో మాట ఒకచోట, పెదవి ఒకచోట పడతాయి. యంత్రం గురించిన అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అయితే ఆ తర్కాన్ని కడదాకా తీసుకుపోతే కంప్యూటరే లేనివారి దగ్గర ఆగవలసి వస్తుంది. ఈ ప్రాంతంలో వీడియోలు చేసే పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది ఫోను ఒక్కటే. కైన్‌మాస్టర్, అలైట్ మోషన్ వంటి యాప్‌లలో వేలితో పొరలు పేర్చి, వెలుగులు కదిలించి, ఆకుపచ్చ తెరను తీసివేసి, సాయంత్రం తీసిన వీడియోను రాత్రికే పూర్తిచేయగలుగుతున్నారు. మూలన సంస్థ ముద్ర పడడం ఒక లోపం, ముద్ర వద్దనుకుంటే చందా కట్టాలి. అయినా పూర్తికాని గొప్ప పనికన్నా పూర్తయిన చిన్న పని నేర్పేది ఎక్కువ. బ్లెండర్‌ను మొదటిసారి తెరిచిన పిల్లవాడు ఆ తెరమీది గుర్తుల సంఖ్యను చూసి దానిని మళ్లీ ముట్టుకోకపోతే, లైసెన్సు ఎంత ఉదాత్తమైనదైనా అతనికి ఉపయోగమేమిటి?

స్వేచ్ఛా పక్షం: ఆ ప్రశ్నలోని బాధ నిజమైనది. బ్లెండర్ త్రిమితీయ చిత్రణకోసం పుట్టినది. దానిలో కంపోజిటింగ్ నోడ్ల పద్ధతిలో జరుగుతుంది, అంటే ప్రతి మార్పూ ఒక చిన్న పెట్టెగా కనిపిస్తే ఆ పెట్టెలను తీగలతో కలుపుకుంటూ పోవాలి. మొదటి వారాల్లో అది అయోమయం కలిగిస్తుందని ఒప్పుకోవలసిందే. కాని ఫ్యూజన్‌లో ఉన్నదీ నోడ్ల పద్ధతే కాబట్టి ఆ కష్టం రెండు పక్షాలకూ సమానం. ఫోను యాప్‌ల విషయంలో మరచిపోరాని తేదీ ఒకటి ఉంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌తోపాటు వివావీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా పోయింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసిందల్లా, మరొకరి సర్వరులో, మరొకరి అనుమతితో నడిచే పనిముట్టు ఏ కారణంచేతనైనా ఒక్క రాత్రిలో చేజారిపోవచ్చునన్నదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాపీ ఒక పెన్‌డ్రైవులో ఇమిడిపోతుంది. ఒక ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో ఉన్న కాపీని పదిమంది తీసుకుపోవచ్చు, అది చట్టసమ్మతం కూడా.

సౌలభ్య పక్షం: చట్టం మాట వచ్చింది కనుక ఒక విషయంలో రెండు పక్షాలూ ఏకాభిప్రాయంతో ఉన్నాయని నమోదు చేయడం మంచిది. దొంగ కాపీలను ఏ వాదనా సమర్థించదు. 1957నాటి కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో సాఫ్ట్‌వేర్‌ను వాడడమే నేరం. దానికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేలనుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభాపేక్ష లేని వాడుకలో జైలుశిక్ష విధించకుండా వదలివేసే వెసులుబాటు న్యాయస్థానానికి ఉన్నా, నేరం నేరమే. తాళం పగలగొట్టిన ఆ కాపీలతోపాటు వైరసులు కూడా వస్తాయని వేరే చెప్పనక్కరలేదు.

స్వేచ్ఛా పక్షం: అంగీకారమే. ఇప్పుడు ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనదీ, సాధారణంగా సాఫ్ట్‌వేర్ సమీక్షల్లో ఎవరూ ఎత్తనిదీ అయిన అంశాన్ని ముందుకు తేవాలి. అది తెరమీది తెలుగు అక్షరం. కంప్యూటరులో తెలుగు రాత యూనికోడ్ అనే ప్రమాణం ప్రకారం నిలవవుతుంది. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు విడివిడి సంఖ్యలు ఉంటాయి. వాటిని చదివి, ఏ వత్తు ఏ అక్షరం కింద చేరాలో, ఏ గుణింతం తలకట్టును ఎలా మార్చాలో లెక్కగట్టి అక్షరరూపం కూర్చే పనిని షేపింగ్ అంటారు. ఆ పనిచేసే భాగం సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే కృష్ణగిరి అన్న పేరులో వట్రుసుడి ఒకవైపు, ణకారపు వత్తు ఒకవైపు విడిపోయి పడతాయి, చంద్రచూడేశ్వరుడు అన్న దేవుడి పేరు చదవరాని గుర్తుల వరుసగా మారిపోతుంది. హోసూరు కొండమీది గుడి రథోత్సవపు వీడియోకు స్వామి పేరే సరిగా రాయలేని సాఫ్ట్‌వేర్ ఎంత చౌకైనదైతే ఏమి? ఇక్కడి వీడియోకు తెలుగుతోపాటు తమిళం, చాలాసార్లు కన్నడం కూడా అవసరమవుతాయి కాబట్టి ఒకే తెరమీద మూడు లిపులూ నిలబడాలి. కెడెన్‌లైవ్, షాట్‌కట్‌లలో శీర్షికలు రాసే భాగం క్యూటీ అనే పునాదిమీద నిర్మితమైనది, ఆ పునాది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా షేపింగ్ యంత్రాంగాన్ని వాడుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులోను, ఫైర్‌ఫాక్స్‌లోను తెలుగు సరిగా కనిపించడానికీ ఆధారం ఆ హార్ఫ్‌బజే. ప్రపంచ లిపులన్నింటికీ అందరూ కలిసి చేసుకున్న ఈ ఏర్పాటు, మార్కెట్టులో తమకు ఎంత వాటా ఉందన్న లెక్కతో సంబంధం లేకుండా తెలుగువారికి దక్కింది.

సౌలభ్య పక్షం: ఇంతవరకు వచ్చిన వాదాలన్నింటిలోనూ ఇది బలమైనది. అయినా దీనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఏకపక్షమైన విజయంగా లెక్కించడం తొందరపాటు. ఎదుటి పక్షం మొదటినుంచీ మెచ్చుకుంటున్న బ్లెండర్‌లోనే, త్రిమితీయ అక్షరాలు చెక్కే పరికరం చాలాకాలం పాటు భారతీయ లిపులను సరిగా కూర్చలేకపోయింది. తెలుగు శీర్షిక కావలసినవారు ఇంక్‌స్కేప్‌లో రాసి, ఆ రాతను గీతల బొమ్మగా మార్చి బ్లెండర్‌లోకి తెచ్చుకోవలసి వచ్చేది. వాణిజ్య సాఫ్ట్‌వేర్లలోనూ సదుపాయం లేకపోలేదు, అడోబీ ప్రీమియర్‌లో దక్షిణాసియా లిపుల ఎంపికను విడిగా పెట్టుకుంటే వత్తులు కుదురుకుంటాయి. అదీ కాక, తెలుగు స్టూడియోలు ఈ ఇబ్బందిని ఎన్నో ఏళ్ల కిందటే అను ఫాంట్లతో దాటాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌కూ షేపింగ్‌తో పని లేదు. పెళ్లి పత్రికలూ పెళ్లి వీడియోలూ ఒకే పద్ధతిలో తయారై జనాన్ని మెప్పించాయి. అది కూడా వద్దనుకుంటే, శీర్షికను మరెక్కడైనా రాసి వెనుక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకొని ఏ సాఫ్ట్‌వేర్‌లోకైనా తెచ్చుకోవచ్చు.

స్వేచ్ఛా పక్షం: అను ఫాంట్ల సేవను తక్కువచేయడం ఎవరికీ తగదు, తెలుగు అచ్చు ఒక తరంపాటు వాటిమీద నడిచింది. కాని అలా కూర్చిన రాత కంటికి తెలుగు, యంత్రానికి ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. వెదికితే దొరకదు, ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో తెరిస్తే తెలుగే కాకుండా పోతుంది. బొమ్మగా దాచిన శీర్షికలో తప్పు దిద్దాలంటే మళ్లీ మొదటినుంచి చేయాలి. ఈ సంగతిని హోసూరులో ఎందుకింత పట్టించుకోవాలన్నదానికి కారణం సాఫ్ట్‌వేర్‌లో లేదు, బడిలో ఉంది. 2006లో వచ్చిన తమిళనాడు తమిళ అభ్యాస చట్టం ఒకటో తరగతినుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేస్తూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు బడిలో తెలుగు చదువుకు ఉన్న చోటు ఆ మేరకు ఇరుకైంది. మాట ఉండి అక్షరం జారిపోతున్న తరానికి తెలుగు రాత కనబడే చోట్లు మిగిలినవే కొన్ని. వాటిలో ఫోను తెర ఒకటి. తమ ఊరి మనుషులు తమ యాసలో మాట్లాడుతుంటే అడుగున అవే మాటలు సరైన తెలుగు అక్షరాలతో వరుసగా వచ్చే వీడియో, ఆ పిల్లవాడికి అంతవరకు ఎవరూ ఇవ్వని వాచకం అవుతుంది. కాబట్టి ఆ అక్షరాలు యూనికోడ్‌లో, దిద్దుకోదగిన రూపంలో ఉండడం అవసరం. రామభద్ర, మల్లన్న, పొన్నాల, గిడుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు అందరూ వాడుకోదగిన లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి, శీర్షికలకు అందమైన అక్షరాలు లేవన్న పాత సాకు ఇప్పుడు చెల్లదు.

సౌలభ్య పక్షం: ఈ విషయంలో వెనక్కు తగ్గడమే ధర్మం. అయితే ఇక్కడినుంచి తేలేది సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించిన నియమం కాదు, దాచుకునే పద్ధతి గురించిన నియమం. అడుగున వచ్చే మాటలను వీడియోలో కలిపివేయకుండా ఎస్‌ఆర్‌టీ అనే చిన్న ఫైలుగా, ఏ మాట ఏ క్షణంలో రావాలో కాలంతో సహా యూనికోడ్‌లో రాసి విడిగా ఉంచుకుంటే, వీడియోను రిజాల్వ్‌లో చేసినా ఫోనులో చేసినా తేడా ఉండదు. తెలుగుకొకటి, తమిళానికొకటి, కన్నడానికొకటి చొప్పున మూడు ఫైళ్లు పెట్టుకుంటే ఒకే వీడియో మూడు భాషల వారికీ పనికివస్తుంది. చిత్తూరు, అనంతపురం వారికి హోసూరు యాసలో తెలియని మాట ఎదురైనప్పుడు కూడా ఆ ఫైలే సాయపడుతుంది.

స్వేచ్ఛా పక్షం: ఆ సలహా మంచిది, మనస్ఫూర్తిగా స్వీకరించదగినది. కాని భద్రపరచవలసినది అక్షరాలను మాత్రమే కాదు. గ్రాఫిక్స్‌తో కూడిన వీడియో వెనుక వందల నిర్ణయాలు ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున పది సెకన్ల రోటోస్కోపీ అంటే 250 ఫ్రేముల్లో మనిషి అంచును సరిచూడడం. ఆ శ్రమంతా ప్రాజెక్టు ఫైలులోనే ఉంటుంది. బ్లెండర్ పాత ఫైళ్లను కొత్త రూపాలు చాలావరకు తెరుస్తాయి, కెడెన్‌లైవ్ ఫైలును మామూలు రాతగా తెరిచి చదవవచ్చు. రిజాల్వ్ కొత్త రూపంలో ఒకసారి దాచిన ప్రాజెక్టు పాత రూపంలో తెరుచుకోదు. కొత్త రూపం పాత యంత్రం మీద నడవకపోవచ్చు. భారతం మేళంలో ఒక తరం వృద్ధులు వెళ్లిపోయిన తరువాత, వారి ఆటను మెరుగైన తెరకోసం మళ్లీ కూర్చుకోవాలనుకునేవారికి మిగలవలసినది ఏది అన్న ప్రశ్నకు సౌలభ్యం అనే ఒక్క మాట జవాబు కాజాలదు.

సౌలభ్య పక్షం: అలాగే జీవనోపాధి అనే మాటను కూడా ఈ చర్చలోనుంచి తప్పించలేము. హోసూరు యువకుడికి బెంగళూరు పక్కనే ఉంది. అక్కడి గ్రాఫిక్స్ స్టూడియోల్లో కంపోజిటర్లు వాడేది న్యూక్ అనే ఖరీదైన సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసే ఫౌండ్రీ సంస్థ సంపాదనకు వాడని వారికి 1920, 1080 చుక్కల పరిమితితో ఉచితంగా నేర్చుకోనిస్తుంది. తెలుగు సినిమాలో 1995నాటి అమ్మోరు కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు దారి తెరిచింది, 2012నాటి ఈగకు స్పెషల్ ఎఫెక్టుల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది. ఈ రంగంలో పని నేర్చినవారికి చోటు ఉందని ఆ రెండూ చూపాయి. పరిశ్రమ ఏది వాడుతోందో దానికి దగ్గరగా ఉన్నది నేర్చుకోవడంలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

స్వేచ్ఛా పక్షం: తప్పు లేదు, కాని ఆ నమ్మకానికి హద్దు ఉంది. ప్రపంచంలోనే పెద్ద గ్రాఫిక్స్ సంస్థల్లో ఒకటైన టెక్నికలర్ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలినప్పుడు, భారతదేశంలో ప్రధానంగా బెంగళూరులో పనిచేస్తున్న వేలమంది ఒక్కసారిగా ఉపాధి కోల్పోయారు. సంస్థ కొనిచ్చిన సాఫ్ట్‌వేర్ సంస్థతోనే పోయింది, ఇంట్లో అదే పని కొనసాగించడానికి వారి చేతుల్లో లైసెన్సులు లేవు. సరిగా ఆ రోజుల్లోనే, 2025 మార్చిలో, లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోదిస్ బ్లెండర్‌తో తీసిన ఫ్లో చిత్రానికి యానిమేషన్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. ఒక్క ఉదాహరణతో పరిశ్రమ మారిపోదు, అయినా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పు చిన్నపిల్లల కాలక్షేపమన్న అభిప్రాయం మాత్రం ఇక నిలవదు.

సౌలభ్య పక్షం: ఆ ఆస్కార్ ఇంకొక సత్యాన్ని కూడా చెబుతుంది. పనిముట్టుకన్నా ముందు ఆలోచన ఉండాలన్నదే అది. 1957లో మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చూపించిన మాయల వెనుక కంప్యూటరు లేదు. ఏ వెలుతురు ఎటునుంచి పడాలి, కెమెరాను ఎక్కడ కదలకుండా ఉంచాలి అన్న లెక్క చిత్రీకరణకు ముందే పూర్తయింది. ఇంటి వీడియోకూ అదే వర్తిస్తుంది. ఆకుపచ్చ గుడ్డను ముడతలు లేకుండా బిగించి, దానిమీద సమంగా వెలుతురు పరచి, మనిషిని దానికి కొంత దూరంగా నిలిపి, ఫోనును స్టాండు మీద కదలకుండా ఉంచితే, ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ అయినా మంచి ఫలితమే ఇస్తుంది. ఆ గుడ్డ ఆకుపచ్చగానే ఎందుకు ఉండాలన్నదానికి కారణం కూడా కెమెరాలోనే ఉంది. సాధారణ కెమెరా సెన్సరులో ఎరుపుకు గాని, నీలానికి గాని ఉన్నవాటికి రెట్టింపు సంఖ్యలో ఆకుపచ్చను గుర్తించే బిందువులు ఉంటాయి, ఆ రంగు మనిషి ఒంటిరంగుకు దూరంగానూ ఉంటుంది. చిత్రీకరణలో పొరపాటు జరిగితే స్టూడియో రూపం కొన్నా, బ్లెండర్‌లో నెలలు గడిపినా దానిని పూర్తిగా సరిచేయడం కష్టం.

స్వేచ్ఛా పక్షం: చిత్రీకరణ ముందు అన్న మాటలో భేదాభిప్రాయం లేదు. భేదమంతా ఆ తరువాతి అడుగులోనే ఉంది, అది ఈ సంవాదంతో తీరేదీ కాదు. యంత్రం బలంగా ఉండి త్వరగా పని కావలసినవారిని రిజాల్వ్ వైపు వెళ్లవద్దనడం ఎంత అన్యాయమో, ఊరి ఆటను, ఊరి మాటను కాలానికి నిలపదలచిన బృందాన్ని సంస్థల దయకు వదిలేయడమూ అంతే అన్యాయం. వీరిద్దరూ ఒకే ఊరిలో ఉంటారు, కొన్నిచోట్ల ఒకే మనిషిలోనూ ఉంటారు.

సౌలభ్య పక్షం: అందుచేత ఏ సాఫ్ట్‌వేర్‌నైనా దించుకొన్న మొదటి గంటలోనే, దానికి కాలాన్నీ సొమ్మునూ ఒప్పగించకముందే, చదువరులు మూడు పనులు చేసి చూడాలి. తమ ఫోనులో తీసిన ఒక వీడియోను అందులో తెరవాలి. శీర్షికల పెట్టెలో కృష్ణగిరి, చంద్రచూడేశ్వరుడు, స్త్రీ అన్న మూడు మాటలు యూనికోడ్‌లో రాసి వత్తులు సరిగా కూర్చుంటున్నాయో లేదో కళ్లారా చూడాలి. పది సెకన్ల వీడియోను బయటికి తీసి ముద్ర ఏదైనా పడిందేమో పరీక్షించాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా, ఉచితమైనా సరే, ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టండి.